పేరు లేని సంచులను కాపాడిన మనాంగ్

ఉదయం ఆరింటికి మందుల గది తెరవాలి. ఫ్రిజ్‌లో చల్లదనం ఎంతుందో రాయాలి. గుండెకు బలమిచ్చే రెండు మందులనూ ఒకే తీరు సెలైన్ సంచుల్లో నింపాలి. మందు పేరూ రోగి పేరూ లేకుండా అంకె ఒక్కటే అంటించాలి. ఏ సంచిలో ఏముందో ఎవరికీ చెప్పకూడదు.

1988 జూన్ ఆరున ఇలోయిలోలోని మన ఆస్పత్రిలో సహాయ ఫార్మసిస్టుగా చేరి, ఇరవై ఏళ్లు మందుల కిటికీ వద్ద సేవలందించి, నేడు ప్రధాన ఫార్మసిస్టుగా పదవీ విరమణ చేస్తున్న శ్రీమతి ఫెలిసా గుంబాన్ గారు, మనమంతా అక్కగా భావించి 'మనాంగ్' అని పిలుచుకునే ఆ మాననీయురాలు, చివరి మూడేళ్లు నిత్యం పాటించిన నియమాలివి.

గుండె సత్తువ సన్నగిల్లి ప్రాణాపాయంలో ఉన్నవారికి డోబుటమిన్ మేలా, మిల్రినోన్ మేలా అని తేల్చే అధ్యయనం మొదలైనప్పుడు, ఎవరికి ఏది వెళ్తోందో తెలిసింది ఆమె ఒక్కరికే. ఏ అంకెకు ఏ మందో రాసి అంటించిన కవర్లుండే బీరువా తాళంచెవి ఆమె మెడలో, మరియమాత పతకం పక్కన ఉండేది.

"ఒక్కసారి కన్ను కొట్టండి మనాంగ్, నేను అర్థం చేసుకుంటా" అని ఆ రోగులను చూసే డాక్టర్ హలాందోని గారు వేళాకోళమాడితే, "కొడితే మీ ఆవిడకి జవాబు చెప్పుకోవాలి డాక్టరుగారూ" అనేవారు.

ఆ అధ్యయనపు వివరాలు నమోదు చేసే ఉద్యోగం నాది. మా ఇంట్లో పట్టా అందుకున్న మొదటిదాన్ని. చదివించింది గిమారస్ రేవులో పడవ నడిపిన మా నాన్న. రెండో ఏడాది ఆయనే నలభై ఒకటో రోగిగా చేరారు. మూడో రోజు మధ్యాహ్నం పరిస్థితి విషమించింది. మందుల గదికి పరుగెత్తాను.

"ఏ మందో చెప్పండి మనాంగ్, రెండోదానికి మార్పిస్తా!"

"వైద్యం కోసం డాక్టరు అడిగితే ఈ క్షణమే కవరు చించుతా ఇందాయ్, నా చిట్టితల్లీ. నువ్వు ఏడుస్తున్నావని చించలేను."

ఏ మందు వెళ్తున్నా ఇక చేయవలసిన చికిత్స ఒకటేనని డాక్టరుగారు కవరు తెరవమని అడగలేదు. మర్నాడు నాన్న పోయారు. రెండు నెలలు నేను మనాంగ్‌తో మాట్లాడలేదు. ఆ రెండు నెలలూ నా బల్ల మీద రోజూ ఆకులో చుట్టిన ఇబోస్ అనే తీపి అన్నం ముద్ద కనిపించేది.

అధ్యయనం ముగిశాక కవర్లు తెరిచారు. మన రోగుల్లో ఆ రెండు మందుల మధ్య చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను.

"ఆ రోజు చెప్పి ఉంటే, రెండోది ఇప్పించలేకపోయానని బతికినన్నాళ్లూ కుమిలేదానివి" అన్నారు. "తెలిసీ నీ మొహం చూడటం నాకు తేలికనుకున్నావా?"

"మీ ఇబోస్‌లో తీపి తక్కువ మనాంగ్."

"అయితే తిన్నావన్నమాట, దొంగా!" అని కళ్లు తుడుచుకుంటూ నవ్వారు.

ఏ రహస్యమూ మోయనక్కరలేని తేలికైన మనసుతో, చక్కని ఆరోగ్యంతో, మనవల నడుమ మనాంగ్ నిండు నూరేళ్లు ఉండాలని కోరుకుంటున్నాను. ఆమెను తలుచుకున్నప్పుడు ఇంకొకరినీ తలుచుకోండి. సంచి మీద నలభై ఒకటి అనే ఉండేది. ఆయన పేరు క్రిస్పులో గాలియా.