లెంపి సవతి

సెయింట్ పాల్ ఎప్పుడైనా చూశావా పెదనాన్నా అంటావేం కైసా, చూడకేం, ఒక్కసారి చూశాను. చూశాననడం కూడా ఎక్కువే, పోను నాలుగు గంటలు, రాను నాలుగు గంటలు, మధ్యలో చట్టసభలో ఒక్క గది. ఆ గదిలో నవ్విన నవ్వు మాత్రం, అమ్మాయ్, ఈ డెబ్బై తొమ్మిదేళ్ళలో మళ్ళీ ఎక్కడా నవ్వలేదు. అదంతా వైనో చలవ. వైనో కెట్టునెన్. నీకు తెలీదులే, నువ్వు పుట్టేటప్పటికే వాడు పోయి రెండేళ్ళు. ఇప్పుడు ఆ నర్సమ్మాయి అద్దెకుంటోందే, పచ్చ తలుపుల ఇల్లు, అదే వాళ్ళది. ఆ తలుపులకి పచ్చరంగు వేసింది కూడా నేనూ వాడూనే, వాడి భార్య లెంపి నీలం తెమ్మంటే వాడు పచ్చ తెచ్చాడు, నెల్లాళ్ళు మాట్లాడలేదు ఆవిడ వాడితో. సరే, రంగు సంగతి కాదుగా నువ్వడిగింది. వైనోకి ఎడంచెయ్యి మోచేతి కిందనుంచి లేదు. ఇనప రాయి పిండిచేసే మిల్లులో బెల్టు లాగేసుకుంది, ముప్పై ఎనిమిదో ఏట. అంతకుముందు వాడు అకార్డియన్ వాయించేవాడు. మన హాల్లో శనివారం డాన్సంటే వైనో ఉండాల్సిందే. లెంపి వాడికి పడింది కూడా ఆ వాయింపుకేగానీ మొహానికి కాదు, ఆ మాట ఆవిడే అందరి ముందూ అనేది. చెయ్యి పోయాక ఆ పెట్టెని వాళ్ళ చెల్లెలింటికి పంపించేశాడు. పంపించేశాడంతే.

ఒంటిచేత్తో తుపాకి ఎత్తడమంటే, నువ్వు ఎప్పుడైనా ఎత్తావా? ఎత్తి చూడు, రెండు నిమిషాలకి గొట్టం నేల చూస్తుంది. రెండు నవంబర్లు వాడు వేటకి మాతో వచ్చి గుడిసెలో కూచుని బంగాళాదుంపలు తొక్కతీశాడు. అదీ ఒంటిచేత్తో, దుంపని రెండు తొడల మధ్య ఇరికించుకుని. చూడలేకపోయేవాళ్ళం. అప్పుడు లోయ్జె జుపాన్, జీనులూ బూట్లూ కుట్టే ముసలాడు, స్లొవీన్ల వీధిలో కొట్టుండేది, వాడు వైనోని పిలిచి మొండిచేతికి కొలతలు తీశాడు. ఏం చేస్తున్నాడో చెప్పలేదు. మూడు వారాలకి తోలుతో ఒక తొడుగు కుట్టాడు. మొండిచేతికి ఎక్కించి, బూటుకి కట్టినట్టు తాళ్ళతో బిగిస్తే, చివర్న తుపాకి గొట్టం పడుకోడానికి దోనెలా ఒకటి. అంతే వస్తువు. ఆ ఏడు వైనో జింకని కొట్టాడు. ఆ తొడుగుని కన్నబిడ్డలా చూసుకునేవాడు. మంచం పక్కన మేకుకి తగిలించేవాడు. లెంపి దాన్ని సవతి అనేది. ఆదివారం పూట ఎలుగు కొవ్వు కరిగించి దానికి పట్టిస్తుంటే, ఏం చేస్తున్నావు లెంపీ అని గుమ్మంలోంచి అడిగితే, “నా సవతికి తలంటు పోస్తున్నా, లోపలికి రావయ్యా, కాఫీ అయింది” అనేది. ఊరంతా దాన్ని అలాగే పిలిచేవాళ్ళం. వైనో, సవతిని తెచ్చావా? తెచ్చాను. అలాగన్నమాట.

ఏం చెప్తున్నానూ, ఆఁ, బిల్లు. కొన్నేళ్ళకి ఒక చలికాలం సెయింట్ పాల్‌లో, అదే మన రాష్ట్ర రాజధానిలో, ఒక బిల్లు తయారైంది. తుపాకుల మీద కాదు, తుపాకులకి తగిలించే సామాన్ల మీద. నగరంలో ఎవడో దుర్మార్గుడు ఏదో తగిలించిన తుపాకితో ఒక దుకాణం మీద కాల్చాడు, ఒక మనిషి పోయాడు. దాన్ని ఆపాలని రాశారు. రాసినవాళ్ళకి ఏదేమిటో తెలీదు కాబట్టి అన్నీ కలిపి రాశారు. అందులో తొమ్మిదో వాక్యం ఏమిటయ్యా అంటే, ఆయుధాన్ని మనిషి ఒంటికి కట్టి గురి కుదిరేలా చేసే తోలు, గుడ్డ, లోహపు అమరిక ఏదైనా సరే, ఉంచుకోవడమే నేరం. మిలన్ బ్రోజిచ్ అని మన గన్ క్లబ్బు సెక్రటరీ ఉండేవాడు, హైస్కూల్లో లెక్కలు చెప్పేవాడు. వాడు ఆ కాగితం తెచ్చి బిలియర్డ్ బల్ల మీద పరిచి చదివాడు. మా అందరికీ ఎవరి బాధ వాళ్ళది. నాకైతే ఇరవై తూటాలు పట్టే మ్యాగజైను ఉండేది, ఆదివారం కంకర గుంట దగ్గర డబ్బాలు కొట్టడానికి, అది పోతుందని నా ఏడుపు. చలికి వేళ్ళు కొయ్యలైపోతే ఐదేసి తూటాలు ఎన్నిసార్లు ఎక్కిస్తావు చెప్పు. కానీ తొమ్మిదో వాక్యం దగ్గరికొచ్చేసరికి అందరూ వైనో వైపు తిరిగారు. వాడు ఇంకోసారి చదవమన్నాడు. మిలన్ చదివాడు. “అయితే సవతిని ఇంట్లో ఉంచుకుంటే జైలన్నమాట,” అన్నాడు వైనో. అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు. అది పోతే వాడికి మళ్ళీ ఆ బంగాళాదుంపలే.

మార్చిలో విచారణ పెట్టారు, ఎవరైనా వచ్చి మూడు నిమిషాలు మాట్లాడచ్చు. బస్సు కట్టించుకుని ముప్పై మందిమి పొద్దున్నే బయల్దేరాం. లోయ్జె భార్య అక్రోట్ల రొట్టె చుట్ట పంపింది, లెంపి మాంసం కూరిన ప్యాస్టీలు కాగితాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూచుంది, బస్సంతా ఉల్లిపాయ వాసన. మిలన్ వైనో కోసం ఒక ఉపన్యాసం రాశాడు, స్వాతంత్ర్యం, తాతలు, మట్టి, రక్తం, అన్నీ ఉన్నాయి అందులో. దారిపొడుగునా వాడిచేత చదివిస్తూనే ఉన్నాడు. వైనోకి ఒక చిక్కు. కాగితం పట్టుకుంటే కళ్ళజోడు సర్దుకోవడానికి చెయ్యి ఉండదు, జోడు జారితే కాగితం కనపడదు. “మట్టి దగ్గరే జారుతోంది మిలన్,” అన్నాడు పాపం. చట్టసభ గుమ్మం దగ్గర కాపలావాడు లెంపి సంచి తెరిచి, ఇదేమిటమ్మా అన్నాడు తొడుగు చూసి. లెంపి మొహం గంటు పెట్టుకుని, “నా సవతి. నిన్ననే తలంటాను, జిడ్డు అంటుకోకుండా చూడు,” అంది. వాడు దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి మళ్ళీ సంచిలో పడేశాడు. మిలన్ ఒకటే సణుగుడు, ఇది పరాచికాలకి సమయం కాదు, మనం చాలా గంభీరంగా ఉండాలి అని.

కమిటీకి పెద్ద ఒకావిడ. మార్జరీ ఎగర్ట్. పొడుగ్గా, నెరిసిన జుట్టు గట్టిగా ముడేసుకుని, చేతిలో చెక్క సుత్తి. మేము వచ్చే దారిలో ఆవిణ్ణి ఎన్ని అనుకున్నామో నీకు చెప్పను, నువ్వు పెళ్ళికాని పిల్లవి. తీరా చూస్తే ఆవిడ చెడ్డమనిషి కాదు కైసా. ముందే చెప్పింది, ఆ దుకాణంలో పోయినతని భార్య తన కాళ్ళ మీద పడి ఏడ్చిందనీ, ఆమెకి మాటిచ్చాననీ. వైనో టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మిలన్ మాట్లాడాడు, తర్వాత నేను మాట్లాడాను, ఏం మాట్లాడానో దేవుడికెరుక, మ్యాగజైను అనబోయి రెండుసార్లు మార్గరీను, అదే రొట్టెకి రాసే వెన్నలాంటిది, అన్నానని తర్వాత చెప్పారు. అప్పుడు వైనో లేచాడు. కాగితం జేబులోంచి తియ్యనేలేదు. సవతిని బల్లమీద పెట్టాడు. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, ఇది ఎంత వేగంగా కాలుస్తుంది అంది. వైనోకి అర్థం కాలేదు. “ఇది కాల్చదమ్మా, పట్టుకుంటుంది,” అన్నాడు. అంటే గురి ఎంత పెంచుతుంది అంది. “నాకా? సున్నా నుంచి ఒకటికి. కావాలంటే చెయ్యి పెట్టి చూడండి.” ఆవిడ అటూ ఇటూ చూసింది, పక్కనున్న పెద్దమనుషులు వద్దన్నట్టు తలూపారు, ఆవిడ వినలేదు. లేచొచ్చి కోటు చెయ్యి పైకి మడిచి, పిడికిలి బిగించి కుడిచెయ్యి అందులో దూర్చింది. లెంపి గబగబా వెళ్ళి తాళ్ళు బిగించింది. లెంపి చేతులకి అదొక అలవాటు కదా, రోజూ మొగుడికి కట్టినట్టే కట్టేసింది. మూడు రోజులు మంచులో తిరిగినా ఊడని ముడి. ఎగర్ట్ గారు చెయ్యి అటూ ఇటూ తిప్పి, దోనెలో ఒక గొడుగు పెట్టించుకుని చూసి, సరే తియ్యండి అంది. రాలేదు. లెంపి లాగింది, ఇంకా బిగిసింది. కొత్తగా పట్టిన కొవ్వు, ఆ గది చలికి గడ్డకట్టి కూచుంది. ఎవరో కత్తి అడిగారు, వైనో మొహం పాలిపోయింది, అది చూసి ఆవిడే వద్దంది. ప్యాస్టీ తినే ఫోర్కు తెచ్చారు. ఊహూఁ. వెనక వరసలో ఎవరికో నవ్వు తన్నుకొచ్చింది, ఎవరికో ఏమిటిలే, నాకే. ఆవిడ నిశ్శబ్దం అని సుత్తి అందుకోబోతే కుడిచెయ్యి సవతిలో ఉందాయె. ఎడంచేత్తో కొట్టింది, సుత్తి పోయి మంచినీళ్ళ గ్లాసుకి తగిలింది. అంతే, గది గదంతా. కమిటీవాళ్ళు, కాపలావాడు, మాకు ఎదురు మాట్లాడ్డానికి వచ్చినవాళ్ళు సైతం. ఆఖరికి ఆవిడ కూడా మొహం కాగితం చాటున పెట్టుకుంది, భుజాలు కదుల్తున్నాయి.

ముడిలో కొవ్వు కరగడానికి లెంపి దాన్ని రెండు అరచేతుల మధ్య పట్టుకుని కూచుంది. కాఫీ తెచ్చారు, ఎగర్ట్ గారు ఎడంచేత్తో తాగి గడ్డం మీద పోసుకుంది. తుడుచుకుని, చాలా మంచిగా అంది, కెట్టునెన్ గారూ, మీలాంటివారికి బిల్లులో మినహాయింపు రాద్దాం, డాక్టరు దగ్గర, షెరీఫ్ దగ్గర సంతకాలు తెచ్చుకుంటే మీకొక కాగితం ఇస్తారు, మీ వస్తువు మీ దగ్గరే ఉంటుంది. మిలన్ ఊపిరి బిగబట్టాడు. మేమంతా బిగబట్టాం. వైనో ఊఁ అంటే వాడి నవంబరు వాడికి దక్కుతుంది. వద్దనాల్సిన పని ఏముంది చెప్పు? నేనైతే ఊఁ అనేవాణ్ణి. వైనో కాసేపు టోపీ తిప్పాడు. “మీరు మంచి మనసుతో అన్నారమ్మా. కానీ నాకు మినహాయింపులు చాలా అయ్యాయి. మిల్లు చెయ్యి తీసుకున్నాక ఊరంతా నాకు మినహాయింపే. కట్టెలు నువ్వు కొట్టకు వైనో. మంచు నువ్వు తొయ్యకు వైనో. డాన్సుకి ఊరికే వచ్చి కూచో వైనో. ఈ తోలుముక్క కట్టుకున్న రోజు ఒక్కటే నేను అందరిలో ఒకణ్ణి. దానికీ ఒక కాగితం ఇచ్చి నువ్వు వేరు అంటే, ఇక ఆ తోలు నాకెందుకు?” అన్నాడు. ఆగి, “ఆ దుకాణం ఆయన భార్యకి నా తరఫున చెప్పండి, ఇది ఆమెకి ఏ అపకారమూ చెయ్యలేదని. ఇంకెవరిదైనా చేసుంటే దాని పేరు రాసి అది ఆపండి. అన్నీ కలిపి కట్టకండి,” అన్నాడు. అని కూచున్నాడు. మూడు నిమిషాలు కూడా కాలేదు.

ఎగర్ట్ గారి కుడిచెయ్యి ఇంకా లెంపి ఒళ్ళోనే ఉంది. ఎడంచేత్తో కలం తీసుకుంది, బిల్లు ముందుకు జరుపుకుంది, తొమ్మిదో వాక్యం మీద ఒక గీత గీసింది. చంటిపిల్ల గీసినట్టు వంకరటింకరగా, పక్క వాక్యంలోకి కూడా కాస్త పోయింది. తర్వాత చేతులెత్తించారు, ఆరుగురు ఒక పక్క, ఐదుగురు ఒక పక్క. వాక్యం పోయింది. మిగతా బిల్లు సంగతా? అది ఏళ్ళ తరబడి కొట్టుకున్నారులే, నా మ్యాగజైను మీద ఇప్పటికీ కొట్టుకుంటున్నారు, నేను ఇప్పటికీ ఉత్తరాలు రాస్తూనే ఉన్నాను. ముడి కూడా అప్పుడే వదిలింది. ఆవిడ చెయ్యంతా ఎలుగు కొవ్వు. వాసన చూసుకుని, మీ సవతి మంచి పట్టుదల మనిషి అంది లెంపితో. ఎవరు చెప్పారో మరి, ఆ కాపలావాడేమో. తిరుగు బస్సులో పాటలే పాటలు, వైనో సవతిని కట్టుకుని సీటు మీద తాళం వేస్తాడు, మిలన్ తన ఉపన్యాసం వృథా పోకూడదని మాకు చదివి వినిపిస్తాడు, మట్టి దగ్గరికి రాగానే అందరం కళ్ళజోడు జారింది, జారింది అని అరుస్తాం.

ఆ నవంబరు మొదటి శనివారం వాడూ నేనూ ఒకే మంచె మీద కూచున్నాం. కొత్త మంచు, గాలి లేదు. తెల్లగా తెల్లారుతుంటే దేవదారుల్లోంచి వచ్చింది, అమ్మాయ్, పది కొమ్మల జింక, అరవై గజాల్లో, మాకు అడ్డంగా నుంచుని పరుపు అమ్మకానికి పెట్టినట్టు పక్క చూపిస్తోంది. వైనో తుపాకి దోనెలో పెట్టాడు, ఊపిరి వదిలాడు, కాల్చాడు. తప్పింది. అది మా వైపు ఒకసారి చూసి, తీరిగ్గా వెళ్ళిపోయింది. అన్నేళ్ళుగా వాడు గురి తప్పితే మేమంతా ఏమనేవాళ్ళమో తెలుసా, గాలి వైనో, కొమ్మ అడ్డొచ్చింది వైనో, ఫర్వాలేదు. ఆ రోజు నాకు అదేం గుర్తు రాలేదు. అంత జింక పోయేసరికి ఒళ్ళు మండిపోయింది. ఒరే గుడ్డి వెధవా, పశువుల కొట్టమంత ఉందిరా, మా అమ్మమ్మ కొట్టేది కదరా దాన్ని, కళ్ళు ఇంట్లో మర్చిపోయావురా అని నోటికొచ్చినట్టల్లా తిట్టాను. తిట్టి, నాలిక్కరుచుకుని వాడి వైపు చూశాను. వాడు మంచె కమ్మీకి ఆనుకుని నవ్వుతున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు కారి మీసం మీద గడ్డకడుతున్నాయి. “ఇంకోసారి తిట్టరా ఆర్వో,” అన్నాడు.

తిట్టాను.

...

ఔనూ, కైసా, నీ బండి ఇంజను చలికి గడ్డకట్టకుండా వెచ్చబెట్టే కరెంటు తీగ గుచ్చావా లేదా? ఇవాళ చలి సున్నాకి ముప్పై కిందకి పోతుందన్నారు. వెళ్ళి గుచ్చిరా, పొద్దున్న కదలదు.