ఏడి చేసిందనుకున్న

"తాతా, బ్రష్ చేస్తుంటే చిగుళ్లల్లకెల్లి రక్తమొస్తుంది. నాలుగు రోజులైంది. ఒంట్ల ఏడి చేసిందేమో, మజ్జిగ తాగితే పోతది కదా?"

ఏమన్నవ్? ఏడి చేసిందా? మల్లొక్కపారి అను... వద్దులే, అనకు. గిటు కూసో. కోచింగుకు లేటయితదంటవా? మెట్రో యాడికి పోతది, ఇది పోతే ఇంకోటొస్తది. కూసోమన్న గదా.

గా మాట నేను పదేండ్లు అన్న బిడ్డా. ఏడి చేసింది, ఏడి చేసింది. చిగుళ్లంటరు మీరు, మేం ఇగుర్లంటం. నా ఇగుర్లల్లకెల్లి రక్తమొస్తే మీ నాయినమ్మ సబ్జ గింజలు నానవెట్టేది, నేను తాగేది, ఎండకాలం గదా అని ఊకునేది. చలికాలం గూడ ఎండకాలమే అనుకున్న, చూడు నా తెలివి.

నువ్వు నన్ను ఇట్ల బోసినోటి ముసలోడిగనే చూసినవ్. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు ఎన్క గల్లీల మా బ్యాండు దుకాణం ఉండె. ఎర్ర కోటు, తలకు టోపి, కాళ్లకు తెల్ల బూట్లు. అండ్ల క్లారినెట్ నాది. మా ఊర్లె, నల్గొండ దిక్కు, మా పెదనాయిన సన్నాయి ఊదేటోడు, ఆయన తాన నేర్చుకున్న. ఈడికొచ్చినంక క్లారినెట్ పట్టిన. ఎల్బీనగర్ల పెండ్లయినా, హయత్‌నగర్ల పెండ్లయినా, ఆఖర్న పిల్లను అప్పగిచ్చే పాట నేనే ఊదాలె. అది ఊదితే పిల్ల తండ్రి దస్తీ తీసి కండ్లు తుడుచుకునేటోడు. అబద్ధం కాదు, ఎవల్నన్న అడుగు. అడుగుదామంటే ఎవలున్నర్లే ఇప్పుడు, సగం మంది పోయిండ్రు.

ఆఁ, ఏం చెప్తున్న? మీ నాయినమ్మ ముచ్చట. సత్తెమ్మ. మా పెండ్లికి బ్యాండు లేదు, ఎర్కేనా? నవ్వకు. పెండ్లిండ్ల సీజన్ల మాదీ ముహూర్తం పడ్డది. మా జట్టోళ్లందరు అప్పటికే వేరే పెండ్లికి ఒప్పుకున్నరు, ఇగ నేనేమో పీటల మీద కూసుంటి. ఊర్లె పెండ్లిండ్లన్నిటికి ఊదేటోని పెండ్లి రెండు డప్పులతోని అయిపాయె. మీ నాయినమ్మ గది జిందగీ మొత్తం మర్వలె. "ఊరందరి బిడ్డలకు ఊదినవ్, నన్ను సప్పుడు లేకుండ తోల్కొచ్చినవ్" అనేది. ఇంట్ల ఊదుదామంటే కిరాయిల్లు, పక్కపొంటి పోరలు చదువుకుంటున్నరని ఓనరు లొల్లి. ఇగ ఓనాడు నవ్వుకుంటనే అన్నది, "పెండ్లికి ఎట్లాగు లేకపాయె, నేను పోయిననాడన్న నువ్వే ఊదు, గా అప్పగింతల పాటనే ఊదు" అని. నీ నోట్ల మన్ను పడ, ఏం మాటలే అవి అని తిట్టిన. తిట్టిన గని, మాట అయితే ఇచ్చిన.

క్లారినెట్ ఊదుడంటే ఉత్త గాలి కాదు బిడ్డా. కింది పెదవి లోపటికి మలిచి, పై పండ్లు రెండు దాని మూతి మీద ఆనియ్యాలె. గా రెండు పండ్లు గట్టిగుంటెనే సురం నిలవడ్తది. యాడన్న పెండ్లిల ఊది ఇంటికొస్తే మీ నాయినమ్మ గా మూతి కొంగుతోని తుడిచి డబ్బల పెట్టేది. రక్తం ముందుగాల చూసింది ఆమెనే. "ఏమయ్యా, దీనికి ఎర్రగంటింది, పాన్ మరకనా?" అన్నది. పానే అన్న. అప్పట్ల జర్దా పాన్ తినకుంటే ఊరేగింపుల నడ్వకపోతుంటి, అది గూడ ఇగుర్లను తింటదని ఎవలకెర్క? తెల్లారి కడిగి చూస్తే పాన్ కాదు. ఇగ నేనేం చేసిన, రక్తమొచ్చిన కాడ బ్రష్షే ముట్టియ్యలె. పుండు మీద గీకుతమా, ఆరనియ్యాలె గదా అనుకున్న. ఆడ పాచి పేరుకపాయె, రాయి లెక్క అయిపాయె, నోరు వాసన. పెండ్లిండ్లల్ల మనుషులు నాతోని మాట్లాడుకుంట మొకం పక్కకు తిప్పేటోళ్లు. నేనేమో గర్వమొచ్చింది వీళ్లకు అనుకున్న!

ఆమెనే గుంజుకపోయింది దవాఖానకు. కొత్తపేట కాడ దిగి, "పండ్ల డాక్టర్ యాడుంటడు" అని అడిగితే ఒగ ఆటో ఆయన పండ్ల మార్కెట్ దిక్కు చెయ్యి చూపిండు. అప్పుడు మార్కెట్ ఈడనే ఉండె, ఇప్పుడు బాటసింగారం పాయె. మీ నాయినమ్మ నవ్వి నవ్వి రోడ్డు మీదనే కూసున్నది. అట్ల నవ్వుడు మల్ల నేను చూడలె.

డాక్టరమ్మ అప్పుడు చిన్న పిల్ల, ఇప్పటి నీకంటె జర పెద్దగుండేదేమో. నోట్ల చూసి, "పెద్దాయనా, రాయి తీపియ్యాలె, ఇప్పుడు తీస్తే పండ్లు నిలవడ్తయి, షుగరు గూడ చూపిచ్చుకో" అన్నది. నేను భయపడ్డ. ఎందుకంటె మా దుకాణంల అందరు అనేటోళ్లు, రాయి తీపిస్తే పండ్లు వదులైతయని. మా డోలు కొట్టే ఆయన తీపిచ్చిండు, తెల్లారి నుంచి పండ్ల నడ్మ సందులు, నీళ్లు తాగితే జిల్లుమనుడు. నా బతుకే రెండు పండ్ల మీద ఉన్నది, వదులైతే ఏం గావాలె? నేను చెయ్యిపిచ్చుకోనని లేచొచ్చిన. మీ నాయినమ్మ మెట్ల మీద అన్నది, "నీ పండ్లు కాదు, నా పాట పోతది" అని. నీకేం తెల్సే, నోర్ముయ్ అన్న. నల్గురు చూస్తుండంగ అన్న.

పండ్లను కాపాడుకుందామనే కదా బిడ్డా నేను పోనిది!

ఇగ ఒక్కొక్కటి కదిలింది. నొప్పి లేదు, ఏం లేదు, గదే మోసం. పెద్ద అంబర్‌పేట్ల ఒగ పెండ్లిల పాట నడ్మల పై పన్ను కదిలిపాయె, సురం చీలిపాయె. పెండ్లికొడుకు దోస్తులు ఈలలేసిండ్రు. అప్పుడు ఉరికిన డాక్టరమ్మ తానికి. ఫోటో తీసి చూపిచ్చింది, పండ్ల కింద బొక్క, గదే ఎముకనే కరిగిపోయిందట. "రాయి తీస్తే వదులు కావు పెద్దాయనా, రాయే వదులు చేస్తది. రాయి పోయినంక సందులు కనవడ్తయి, గంతే" అన్నది. తిట్టనన్న తిట్టలె ఆ పిల్ల. తిడితే మంచిగుండేది. షుగరు గూడ బయటపడ్డది. పై పండ్లు పీకిండ్రు, కట్టుడు పండ్ల సెట్టు ఇచ్చిండ్రు.

మీ నాయినమ్మ పోయిననాడు నువ్వు నాలుగో తరగతి. యాదున్నదా? మా బ్యాండోళ్లు పిలవకుండనే ఒచ్చిండ్రు. అందరు ఆగి నా దిక్కు చూస్తున్నరు. నేను డబ్బ తెరిచి, క్లారినెట్ తీసి నోట్ల పెట్టుకున్న. సెట్టు జారింది. తీసేసి ఉత్త ఇగుర్లతోని పట్టిన. గాలి తుస్సున పక్కకెల్లి పాయె. మల్ల పట్టిన, మల్ల గంతే. ఆఖరికి నా దగ్గర నేర్చుకున్న పిలగాడే ఆ పాట ఊదిండు. మంచిగనే ఊదిండు పాపం. నేను పాడె పక్కపొంటి నడుచుకుంట క్లారినెట్ మీద ఒట్టి ఏళ్లు కదిలిచ్చిన, ఆమెకు ఇనవడ్తదన్నట్టు. పెండ్లికి సప్పుడు లేకుండ తోల్కొచ్చిన, నా సప్పుడు లేకుండనే తోలిన.

ఏడ్వకు, ఏడ్వకు. నీకు కథ చెప్పలె నేను. గా బీరువ మీది డబ్బ దించు. ఆఁ, గదే. మూత తియ్యి. మూతి మీద చూడు, రెండు గాట్లు ఉన్నయి. నా పై పండ్లవి. నోట్ల లేవు, ఈడ మాత్రం అట్లనే ఉన్నయి. ఎన్నేండ్లు తుడిచిందో మీ నాయినమ్మ వాటిని.

నీ పండ్లు నూరేండ్లు నీ నోట్లెనే ఉండాలె బిడ్డా, సల్లగుండు. రక్తమొస్తుందని బ్రష్ ఆపకు, మెల్లగ రుద్దు, మెత్తటి బ్రష్ తెచ్చుకో. ఇయ్యాల కోచింగొద్దు. గా డాక్టరమ్మ ఇప్పుడు చైతన్యపురిల కూసుంటుంది, నేనొస్త నీ ఎంబడి. రాయి తీస్తమంటే తీపిచ్చుకో, భయపడకు, నీ చెయ్యి పట్టుకుంట.

ఏడి కాదు బిడ్డా అది. ఏడి కాదు. నా చెప్పులేవి... చూడు జర, మంచం కిందున్నయేమో.