రెండు గాట్ల మేక

మార్కాపురం కోర్టు మెట్ల పక్కన, ఉదయం పది దాటింది. లాయరు దీవెన ఆదివారం గిద్దలూరు సభలో కవిత చదివి చప్పట్లు కొట్టించుకుంది. ఆ సంబరం ఇంకా తీరకముందే సాక్షి శేషమ్మ పెద్దారవీడు నుంచి వచ్చి, ఆమెను చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"మెల్లగా మాట్లాడు తల్లీ, గేటు కాడ క్వారీ ఓనరు మనుషులుండారు."

"ఉండనీ పెద్దమ్మా. సాక్షివి నువ్వని వాళ్ళకెట్ల తెలుస్తాది? జడ్జిగారు పిలిచేదాకా నీ పేరు నా నోట్లోంచి రాదని చెప్పినా గదా."

"రాలేదా? మరి మైకులో చేతులు తిప్పి, ఏడిచి, అరిచి చదివిందేంది?"

"అదా... అది కవిత."

"కవితో ఏందో. ఊరంతా ఫోన్లల్లో అదే. మా మనవరాలు జెస్సీ నాకు నాలుగుసార్లు వినిపిచ్చింది."

"క్వారీ కూలి జీవరత్నం చావు మీద రాసినా. పేర్లు పెట్టలా. ఊరు పెట్టలా. క్వారీ అని కూడా అనలా."

"మేకను పెట్టినావు."

"మేకదేముంది?"

"ఆ ముక్క ఇంకోసారి చదువు."

"ఇక్కడా? సరే... 'ఎడమ చెవికి రెండు గాట్ల మేకను వెతుకుతూ గుట్ట దిగిన తల్లి చూసింది. రాళ్ళ కింద చచ్చినోణ్ణి రోడ్డు మీద పండబెట్టి, లారీ గుద్దిందని...'"

"చాలు, ఆపు. చెవికి గాట్లెందుకు పెడతారో తెల్సా నీకు?"

"దిష్టికనుకున్నా."

"దిష్టికా! మందలో కలిస్తే ఎవురి మేక ఎవురిదో తెలియడానికి. ఇంటికో గుర్తు. రెండు గాట్లు ఊరు మొత్తానికి ఒక్క ఇంటివే."

"నువ్వు చెప్పినప్పుడు ఆ మాట బాగుందని... బాగుందనే రాసుకున్నా పెద్దమ్మా."

"పొద్దున్నే ఇద్దరు బండి మీద వచ్చినారు. మేకలు కొంటారంట. దొడ్డి దొడ్డికీ పోయి చెవులు పట్టుకొని చూసినారు."

"దేవుడా! వద్దు, ఈ రోజు నువ్వు సాక్ష్యం చెప్పొద్దు. వాయిదా అడుగుతా. నిన్ను వెనక గేటు నుంచి రాచర్లకు, మా అమ్మ కాడికి పంపిస్తా."

"చెయ్యి వదులు తల్లీ, ఎందుకట్ల లాగుతావు?"

"భయంగా ఉంది పెద్దమ్మా. నా చప్పట్ల కోసం నిన్ను... పద, పద."

"నేను రాను."

"మొండికేయొద్దు! నీ దొడ్డి దాకా వచ్చినారంటే..."

"వచ్చినారు. నా మేకల చెవులు చూసి ఊరికే పోయినారు."

"ఊరికే పోయినారా? ఎందుకు?"

"నావి కొస కత్తిరిచ్చిన చెవులు. ఆ పొద్దు తప్పిపోయింది మా పక్కింటి మల్లి మేక. మల్లి బాలింతని దాని మేకల్ను నేను తోలుకపోయినా. అది ఏమీ చూడలా, దానికేమీ తెలీదు. ఆటో ఎక్కినకాడి నుంచి చేస్తానే ఉండా, ఫోన్ ఎత్తదు. లోపలికి పద తల్లీ. చూసింది మల్లి కాదు, నేనని గేటు కాడ వాళ్ళకు కూడా వినపడేట్టు చెప్పాల."