చేని అడుగున రామక్క గడ్డి

"అవ్వా, రేపు నాయన ట్రాక్టరు పిలిపించి చేని అడుగున గడ్డంతా దున్నిస్తాడంట. నువ్వు వద్దంటా ఉండావంట. ఆ గడ్డిలో ఏముండాది అవ్వా?"

ఏముంటాది, గడ్డే ఉండాది. ఆ ఫోను నా ముఖానికి అంత దగ్గర పెట్టొద్దు మంజులా, ఆ తిన్నె మీద పెట్టు. నేను చెప్పేదంతా దాంట్లో పడతా ఉండాదా? సరే పడనీ.

మీ నాయన్ని నేను తప్పు పట్టను. టమేటాకి రేటు బాగుండాది, ఇంగ నాలుగు సాళ్ళు ఎక్కువ వస్తాయి అంటాడు. నేనూ అదే మాట అనిండాను. ఇదే నోటితో, మీ తాతతో.

నేను ఈ ఇంటికి కోడలుగా వచ్చినప్పుడు టమేటా యాడిది? రాగులు, అవరెకాయ, ఒక మడిలో శెనక్కాయ, అంతే. మన చేను వాలుగా ఉండాది గదా, ఆ వాలు అడుగున పది అడుగుల మందం గడ్డి వదిలేసి ఉండ్రి. మా అత్త ఆ తట్టుకు మడక కట్టి దున్ననిచ్చేది కాదు. ఎందుకత్తా అంటే, "అది ఆవుది" అనేది. ఆయమ్మ మాటలన్నీ అంత పొడుగే. ఆ గడ్డి దాటితే ఆవులు నీళ్ళు తాగే గుంత. గుంత నిండితే వంక, వంక పోయి బేతమంగళ చెరువులో పడతాది.

అప్పుడు ఆ చెరువు నీళ్ళే బంగారు గనుల వాళ్ళకి కొళాయిల్లో పోతా ఉండె. మా అన్న ఆడ గనిలో పని, వాళ్ళిచ్చిన ఇంట్లోనే కాపురం. పండగకు వచ్చినప్పుడల్లా "మీ చేని నీళ్ళే పాపా మేము తాగేది" అని ఎగతాళి చేసేవాడు. వచ్చేటప్పుడు బేకరీ రొట్టె తువ్వాలులో చుట్టి తెచ్చేవాడు. ఆ వాసన ఇప్పుడు ఏ రొట్టెకి ఉండాది చెప్పు? ఏం చెప్తా ఉంటి... ఆ, గడ్డి.

మా అత్త పోయినాక రెండేండ్లకి టమేటా వచ్చె. కాదు కాదు, మీ నాయన బడికి పోతా ఉండె, అంటే ఇంగా ఎక్కువే. లారీలు వచ్చి ఊరి ముందరే నిలబడేవి. నాకు ఆశ పుట్టె. "అంత నేల గడ్డికి ఇచ్చేది ఏం తెలివి?" అని మీ తాతను పోరినాను. మూడో దినం ఆయన గుద్దలి ఎత్తినాడు. వేర్లతో సహా పీకి పారేసి నాలుగు సాళ్ళు నాటితిమి.

ఇంగ యూరియా సంగతి. అప్పుడు ఊర్లో ఒక అలవాటు. మోడం పట్టి ఆకాశం నల్లబడిందా, అందరూ మూటలు నెత్తికెత్తుకొని చేన్లకి పరుగు. వాన పడితే కరిగి బిరీన వేర్లకి దిగుతాదని. పక్క చేను రామక్కది. మొగుడు పోయినాక ఒక్కతే సేద్యం చేసేది. ఆమె బుట్టెడు చల్లితే నేను బుట్టన్నర చల్లేదాన్ని. ఆమె చేను నల్లగా నిగనిగలాడితే నాకు అన్నం సయించేది కాదు. చెప్పుకుంటే సిగ్గు, అంత కుళ్ళు నాకు.

ఒక దినం మధ్యాన్నం మోడం పట్టె. మూట మొత్తం చల్లినాను, ఒక గింజ మిగల్చలే. వాన చూస్తే చినుకులు కాదు, కుండతో కుమ్మరించినట్ల పడె. కాళ్ళ కింద మన్ను జారిపోతా ఉండాది. ఎర్ర నీళ్ళు సాళ్ళ వెంట దిగి, అడ్డం గడ్డి లేదు గదా, నేరుగా గుంతలో పడె. గుంత నిండి వంకకి పారె. నేను గెనిమ గట్టు మీద నిలబడి, వాన బాగా పడిందని సంతోషపడినాను చూడు.

సంజకి ముందర మా గౌరి మేతనుంచి వచ్చె. అది నల్లావు, మీ నాయన చేతిలో తప్ప ఇంకొకరి చేతిలో బెల్లం ముక్క తినేది కాదు. దావలో గుంత దగ్గర నిలబడి కడుపునిండా తాగె, రోజూ తాగినట్లే. ఇంటికి వచ్చి గంట కాలే, ఒళ్ళంతా వణుకు. నోట్లో నురగ, కడుపు తప్పెట మాదిరి ఉబ్బె. మీ తాత సైకిలు ఎక్కి బేతమంగళకి పశువుల డాక్టరు కోసం పాయె.

నేనేం చేసినానో తెలుసునా? వీధిలోకి పోయి రామక్క మీద నోరు పారేసుకుంటిని. నా చేను చూసి ఓర్వలేక ఆవుకి మందు పెట్టినావని. నోటికి వచ్చిందంతా అన్నాను, ముండమోపి అని కూడా అన్నాను. ఊరంతా చూస్తా ఉండె.

డాక్టరు వచ్చేసరికి గౌరి పాయె. "ఏం తాగింది?" అన్నాడు. గుంత చూపించినాను. ఆయన గుంత చూడలే, నా చేతులు చూసినాడు. యూరియా తెల్లగా గోళ్ళలో ఇంగా ఉండె. "ఎవరూ మందు పెట్టలేదమ్మా, నీ చేని నీళ్ళే తాగింది" అని చెప్పి బ్యాగు మూసుకున్నాడు. ఆవు పోయింది ఒక ఏడుపు. ఆ గుంత నీళ్ళు వంకలో కలిసి చెరువుకి పోతా ఉండాయే, ఆడనుంచి మా అన్న పిల్లోళ్ళ చెంబులోకి పోతాయే అని ఇంగొక ఏడుపు. చెరువంత నీళ్ళల్లో కలిస్తే ఏం కాదులే అని మీ తాత చెప్పినాడు. నాకు మనసు ఒప్పలే.

పది దినాలు తల ఎత్తలే. గడ్డి మళ్ళీ నాటాలంటే వేర్లు కావాల, మాది అంతా పీకేస్తిమి గదా. ఆ గడ్డి ఉండేది రామక్క గెనిమ మీదనే. పోయి ఆమె వాకిట్లో నిలబడి ఏడిస్తిని. ఆమె చేట పక్కన పెట్టి, "ఏడుస్తావేంటికే, నువ్వు చల్లినంత నేనూ చల్లినాను. ఆ పొద్దు నా ఆవు కట్టేసి ఉండె, అంతే తేడా" అనె. గుద్దలి తీసుకొని తానే వచ్చె. ఇద్దరమూ రెండు చేన్ల అడుగునా నాటితిమి. అప్పటినుంచి మోడం చూసి చల్లేది మానుకుంటిమి. వాన వెలిసినాక, చెట్టు మొదట్లో పిడికెడు వేసి మన్ను కప్పేది.

చెరువు బాగుపడిందని నేను చెప్పను. ఈ పొద్దు పోయి చూడు, పచ్చగా పాచి కట్టుకోని ఉండాది. ఇద్దరు ఆడోళ్ళ గడ్డి ఎంత ఆపుతాది? మన మన్ను మాత్రం ఆడనే నిలిచె.

మీ నాయన అప్పుడు సెలవలకి మా అన్న ఇంట్లో ఉండె. గౌరిని పాము కరిచిందని వాడికి చెప్పినాము. ఆ మాట ఊర్లో పుట్టించింది ఎవరనుకున్నావు? రామక్కే. డాక్టరు పాము అన్నాడని ఇల్లిల్లూ తిరిగి చెప్పె, నా మానం పోకూడదని. నేను అంత మాట అన్నా! మీ నాయన ఇప్పటికీ పామే అనుకుంటా ఉండాడు. నిన్న మోడం పడితే యూరియా మూట తెచ్చి వాకిట్లో పెట్టినాడు, చూసినావు గదా.

రామక్క పోయె, మీ తాత పోయె, ఇంగ ఎవరి కోసం దాచేది? వాడి ముఖం చూసి నేను చెప్పలేను తల్లీ. గౌరి కోసం వాడు మూడు దినాలు అన్నం తినలే. దీన్ని తీసుకపోయి వాడికి వినిపించు, ట్రాక్టరు రాకముందే.

చల్లగా ఉండు మంజులా, నువ్వూ నీ కడుపున పుట్టేవాళ్ళూ యాడ నీళ్ళు తాగినా మంచి నీళ్ళే తాగాల. పోతా పోతా కొట్టంలో ఆవుకి నీళ్ళు పెట్టినారో లేదో చూడు. బిందెతో పెట్టమను, గుంతకి తోలొద్దు...