సుందర్ రాజు తుమ్మిన పూట

ఏందమ్మా సోఫియా, గంత బరువుది నువ్వొక్కదానివే కారులకెల్లి దించినవా? పెట్టు, ఆడ కింద పెట్టు. ఏందిది... ఓ, గిదా. మీ డాడీ తుపాకి షెల్లులు, గవే తూటాలు, నింపే మిషిను. అట్ట డబ్బ మీద గా రాత సూడు, 'నర్సయ్య గారికి' అట. నాకా? మీ మమ్మీ గ్యారేజీ ఖాళీ చేస్తుంటె దొరికిందా? ఆయన పోయి ఆరేండ్లాయె, ఎప్పుడు రాసి పెట్టిండో మరి. లే బిడ్డా, దీన్ని మల్ల కారుల పెట్టుకోని పో. నాకొద్దు. ఎందుకంటవా, కూసో. కూసుంటె చెప్త.

మేం ఈ దేశమొచ్చి టౌరంగాల డైరీ, గీ చిన్న కిరాణ దుకాణాన్ని ఈడ గట్లనే అంటరు గదా, తీస్కున్న కొత్తల నాకు తెలుగు మాట్లాడే మనిషంటె మీ డాడీ సుందర్ రాజు ఒక్కడే. మీ మమ్మీ గ్రేసమ్మ హాస్పిటల్ల నర్సు, వారమంత డ్యూటీలే. ఈయనకేమో తుపాకి పిచ్చి. మనుషుల మీద కాదులే, పిట్టల మీద గూడ కాదు. గాలిల మట్టి పళ్లెం ఇసిరేస్తె కొట్టుడు, స్కీట్ అంటరు గదా, అది. అందరి తుపాకులు లావువి, ఈయనది సన్నది, ఇరవై ఎనిమిది గేజు. షెల్లు నా బొటనవేలంత ఉంటది. దుకాణంల మస్తు పిరం, అందుకని కాల్చిన ఖాళీలు ఏరుకొచ్చి మల్ల నింపుకునెటోడు. శనివారం శనివారం నేను పోయి ఈ మిషిను కాడ కూసునేది. కింద నిప్పు రేపే క్యాపు పెట్టాలె, గీ పట్టీ ఇటు జరిపితె తుపాకి మందు పడతది, మీద బిరడ ఒత్తాలె, పట్టీ అటు జరిపితె సీసం రవ్వలు పడతయ్, ఇగ మూతి మడవాలె. మీ డాడీ మీ కాకినాడ మాటల చెప్పేది, "ఏవండీ నర్సయ్య గారూ, ఈ బల్ల దగ్గర నోరు కట్టేసుకోవాలండీ. మధ్యలో చెయ్యి ఆగిందా, ఆ షెల్లు అవతల పారెయ్యడమే. అనుమానం ఉన్నది డబ్బాలో పడకూడదండీ." నేను నవ్వేటోన్ని. ఏదో రాకెట్ పంపుతున్నట్టు మాట్లాడుతుండని.

రెండువేల ఒకటిల గావచ్చు, ఫిబ్రవరి, ఈడ అప్పుడే గదా ఎండకాలం. మిషిను నాకిడిసి ఆయన లోపలికి పోయిండు. నేను క్యాపు పెట్టి పట్టీ మీద చెయ్యేసిన. అప్పుడే లోపట్నుంచి తుమ్మిండు. ఒక్కటే తుమ్ము. మాకు ఒంటి తుమ్ము ఇనవడ్డదంటె పని ఆపి, కూసోని, ఇన్ని నీళ్లు తాగినంకనే ముందుకు. నా చిన్నప్పటి సంది అంతే, ఏం జెయ్యాలె. చెయ్యి తీసిన, నీళ్లు తాగిన, మల్ల వచ్చి బిరడ ఒత్తిన. మందు పడ్డదనే అనుకున్న. మూతి మడిస్తె గిట్ల కొంచెం లోపలికి గుంట వడ్డది, లోపల మందు లేకుంటె గట్లనే అయితది. సూసిన బిడ్డా. అబద్ధం ఎందుకు, నా కండ్లతోనే సూసిన. పారేద్దామనుకున్న గనీ, ఆయనొచ్చి ఎందుకు పారేసిన్రంటె తుమ్ము ముచ్చట చెప్పాలె. "ఇంకా తుమ్ములేంటండీ, యేసు ప్రభువా!" అని మందిల నవ్వుతడు. గంత దానికి సిగ్గువడి దాన్ని డబ్బల అడుగు వరుసల పెట్టిన.

తెల్లారి తుపాకి క్లబ్బుల కోలిన్ అని ఓ ముసలి కివీ, ఈడి తెల్లాయన, మీ డాడీ దోస్తు, ఆయనది గూడ సన్న తుపాకే. షెల్లులు అయిపోయినయంటె మీ డాడీ ఆ డబ్బ ఇచ్చిండు. ఒకటి 'పుస్సు'మన్నది. బిరడ గొట్టంల ఇరికింది గావచ్చు, ఆయన సూసుకోలే, ఇంకోటి పెట్టి కాల్చిండు. గొట్టం పగిలింది. ఎడమ చేతివి రెండు వేళ్లు పోయినయ్. మీ డాడీ అందరి ముంగట నిలవడి "మై షెల్స్, మై హ్యాండ్స్" అన్నడు, షెల్లులు నావే, నింపిన చేతులు నావే అని. నేను పక్కకే ఉన్న, చాయ్ ఫ్లాస్కు పట్టుకోని. క్లబ్బోల్లు మీ డాడీకి మర్యాదగనే చెప్పిన్రు, ఇగ రావద్దని. మల్ల ఆయన తుపాకి ముట్టలే.

నెలైనంక ఓనాడు అడిగిండు. గట్టిగ గూడ కాదు, చాయ్ తాగుకుంట. "నర్సయ్య గారూ, ఆ రోజు నేను లోపల తుమ్మాను కదా. అప్పుడు మీరు ఆగారా?"

లే అన్న. ఆగలే అన్న.

"సర్లెండి" అన్నడు. మల్ల ఎన్నడు ఎత్తలే. పోయేదాంక ప్రతి శనివారం మా డైరీకి వచ్చి కూసునేది, అదే నవ్వు. చేసిందానికన్న నాకు ఆ 'లే' అన్నందుకే ఎక్కువ సిగ్గు బిడ్డా. తుమ్మితె నేను ఆగుతనని ఆయనకు తెలవదా? పదేండ్ల దోస్తాన్. తెలిసే అడిగిండు. తెలిసే గా అట్ట డబ్బ మీద 'గారికి' అని రాసిండు...

గట్ల సూడకు. కోలిన్ ఉన్నడా ఇంక? మీ మమ్మీ తాన నంబరు ఉంటదా?

ఉంటదా... సరె. ఉండు, చాయ్ పెడత. పాలు ఉన్నయో లేవో సూడాలె.