పొట్టి రకం అని రాయను

అదిగో, మళ్లీ చెయ్యి పెడుతున్నావు! ముట్టుకోవద్దన్నానా లేదా? ఈ ల్యాబులో నీ పెత్తనం చెల్లదన్నయ్యా. ఆ స్టూలు మీద కూర్చో.

పదకొండేళ్ల తర్వాత నా గుమ్మం తొక్కావు, అదీ ఈ రోగం రిపోర్టు మీద సంతకం కోసం. ఎలా ఉన్నావే అని ఒక్క మాట? పోనీలే, నేనూ అడగలేదు.

చెట్టు నిక్షేపంగా ఉందంటావు. ఎందుకుండదు? నీ బత్తాయి తల్లిచెట్టును అంటు కట్టిన కింది వేరుమొక్క మొండిది, ఎంత రోగాన్నయినా మింగి కూర్చుంటుంది. నీ దగ్గర అంటుపుల్లలు కొన్నవాళ్లు వాటిని వేరే వేరుమొక్కల మీద కట్టుకున్నారు. వాళ్ల తోటలు చూశావా? కాండం మొదట్లో బెరడు పెచ్చులు పెచ్చులుగా లేచిపోతోంది. చెట్లు గిడసబారి నడుమెత్తు దాటలేదు. వాళ్లు ఇంకా నీ ఇంటి మీదికి రాలేదంటే అది నాన్న మొహం చూసి.

ఇటు చూడు. కళ్లతో చూడు, చాలు. ఈ కుండీలోది మాదీఫలం మొక్క. పాపం, దీనికి రోగం దాచుకోవడం రాదు. నీ తల్లిచెట్టు పుల్ల తెచ్చి దీనికి అంటు కట్టాను. నాలుగు నెలలు తిరక్కుండానే ఆకులన్నీ కిందికి ముడుచుకుపోయాయి.

వైరస్సా? కాదు మహానుభావా! వైరస్‌కైనా ఒంటిమీద ప్రొటీన్ చొక్కా ఉంటుంది. దీనికి అదీ లేదు. వైరాయిడ్ అంటారు. ఉత్త ఆర్‌ఎన్‌ఏ పోగు, రెండు కొసలూ కలిసి చుట్టలా ఉంటుంది. మూడొందల డెబ్బై అక్షరాలు, అంతే! సొంతంగా ఒక్క ప్రొటీన్ కూడా చేసుకోలేదు. చెట్టు కణంలో దూరి, చెట్టు పనిముట్లతోనే తన నకళ్లు తీయించుకుంటుంది.

ఎందుకు నవ్వుతున్నావు? నాలాగే ఉందనా? అను, అను. కూర్చుని తిని పుస్తకాలు చదివిందని ఊరంతా చెప్పావుగా.

ఓహో! పొట్టి రకం అని రాసెయ్యమంటావా? ఎవరో బాగానే నూరిపోశారు నీకు. నిజమే, ఇలాంటి వైరాయిడే ఇంకోటుంది. అది చెట్టును పొట్టిగా ఉంచి ఊరుకుంటుంది. పొట్టి చెట్లు కావాలని కొందరు ఏరికోరి పెట్టుకుంటారు కూడా. అదని రాస్తే నీ చెట్లు కొట్టేయరు. రెండూ ఒకే కుటుంబం కదా, ఎవడు చూడొచ్చాడంటావు?

నేను చూశానుగా! వీటిలో కుటుంబాలు రెండు. ఒకటి కణం మధ్యలో కేంద్రకంలో కాపురం పెడుతుంది, రెండోది ఆకుపచ్చ రేణువుల్లో. నీ చెట్టుకు పట్టిందీ, ఆ పొట్టిదీ మొదటి కుటుంబానివే, ఒప్పుకున్నాను. ఇల్లొకటే, పొయ్యిలు వేరు. అక్షరాల వరుస రెండుసార్లు చదివించాను, అనుమానమే లేదు.

అయినా ఒకే కుటుంబమైతే ఒకటైపోతారా? మనిద్దరం ఒక్క కడుపున పుట్టలేదూ? నాన్న తన నర్సరీ నీ పేరున రాసిన రోజు అది ఎవరికైనా గుర్తొచ్చిందా? దీనికి చేతిపని రాదు నాన్నా అని అన్నది నువ్వు కాదూ?

రాయను. ఉన్నది ఉన్నట్టే రాస్తాను. తల్లిచెట్టునీ, దాని పిల్లలన్నిటినీ వేళ్లతో సహా పీకి కాల్చాల్సిందే.

అరవకు! అవతల మనుషులున్నారు.

ఎలా వచ్చిందా? కత్తితో. ఆరేళ్ల కిందట బయటి నుంచి కొత్త రకం పుల్లలు తెప్పించావు చూడు, వాటితో వచ్చింది. వాటిని కోసిన కత్తితోనే తల్లిచెట్టునూ కోశావు. దీనికి అంతకంటే ఏం కావాలి? నీ చేతి నిర్లక్ష్యమే...

ఏంటీ? ప్రతిసారీ స్పిరిట్‌లో ముంచావా? మంట మీద కూడా చూపించావా?

తెలుసు.

తెలుసన్నయ్యా. ముంచే ఉంటావు. పెళ్లికి వెళ్లినా నీ జేబులో స్పిరిట్ సీసా ఉంటుందని వదిన నవ్వుతూ చెప్పింది. ఆ అలవాటు చేసింది నేనే. చదువుకునే రోజుల్లో సెలవులకొచ్చి, కత్తి అలా ముంచితే ఏ రోగమూ అంటదని గొప్పగా చెప్పాను. నువ్వు వెక్కిరించావు, మర్నాటి నుంచి ముంచావు. నా మాట విన్నది ఆ ఒక్కసారే.

దీనికి స్పిరిట్ పనిచెయ్యదు. మంటకీ చావదు. బ్లీచింగ్ నీళ్లలో ముంచాలి.

నాకెప్పుడు తెలిసిందా?

ఎనిమిదేళ్లయింది. ట్రైనింగులో చెప్పారు. అవును, నీ పుల్లలు రాకముందే. బయటికొచ్చి నీ నంబరు నొక్కాను కూడా. మోగకముందే కట్ చేశాను. చేతిపని రానిదాన్ని, నేనెందుకు చెప్పాలి అనుకున్నాను. ఏదైనా అయితే అవనీ, అప్పుడైనా నా కాళ్ల దగ్గరికొస్తాడు అనుకున్నాను. ఒట్టు, అలాగే అనుకున్నాను.

ఇంద, సంతకం పెట్టాను. ఇందులో రోగం పేరు రాయడానికి గడి ఉంది గానీ, ఎవరి వల్ల వచ్చిందో రాయడానికి లేదు. ఉంటే నా పేరు రాసేదాన్నా?

ఏమో అన్నయ్యా. నాకే తెలీదు.