గురక ఆగితే

మిట్టమధ్యాహ్నం, మిరప కల్లం. గురవమ్మ, ఆమె మనవడి భార్య నాగజ్యోతి కుప్ప ముందు కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. ట్రాక్టర్ నీడలో మనవడు త్రినాథ్ పడుకుని గురక పెడుతున్నాడు.

"మళ్ళీ మంచికాయ తాలులో వేశావు జ్యోతీ. కళ్ళు తెరిచి ఏరు."

"తెరిచే ఉన్నాను మామ్మా."

"ఏం తెరవడమో! ఈ కాయల కంటే ఎర్రగా ఉన్నాయి. రాత్రుళ్ళు నిద్రపోతున్నావా, లేదా?"

"పోతున్నాను."

"నాతోనా అబద్ధాలు? అరికాళ్ళకి ఆముదం రాసుకున్నావా?"

"రాసుకున్నాను."

"గసగసాల పాలు?"

"తాగాను."

"పక్కలో సెల్లు చూడటం మానావా? పొద్దుగూకాక టీ ముట్టుకోవద్దన్నాను, మానావా? నేను చెప్పినవి చేస్తే పెళ్ళికూతురు కూడా పీటల మీదే కునుకు తియ్యాలి!"

"అన్నీ చేశాను మామ్మా."

"అయితే మిగిలింది వీడి గురకే. విను, విను, రైలు వస్తున్నట్టు లేదూ? అందుకే ఈ రాత్రి నుంచి వీణ్ణి కల్లం కాపలాకి రమ్మన్నాను. కాయలు అమ్మేదాకా వాడిక్కడ గుడిసెలో, నువ్వు ఇంట్లో. హాయిగా పడుకో."

"వద్దు మామ్మా. కాపలాకి పక్క పొలం సిలార్‌ని అడుగుదాం."

"ఓసి నీ! మొగుణ్ణి వదిలి ఒక్క రాత్రి ఉండలేవా?"

"అది కాదు. ఆయన్ని ఒక్కర్నీ పంపొద్దు."

"ఏం, పురుగూ పుట్రా అంటావా? మంచం ఉంది. దొంగలంటావా? ఆ గురక వింటే కుక్క కూడా ఇటు రాదు. హమ్మయ్య, ఆగింది. చూశావా, చెవులకి ఎంత సుఖంగా ఉందో! ఏంటే, ఏం గొణుగుతున్నావు?"

"ఏం లేదు. ఐదు... ఆరు..."

"కాయలు లెక్కపెడుతున్నావా ఏంటి?"

"ఒక్క నిమిషం మామ్మా, మాట్లాడకు. తొమ్మిది. పది."

"నీకేదో పట్టిందే! రేపే పెదకాకాని గుడికి తీసుకెళ్ళి తాయెత్తు..."

"పదిహేను. పదహారు. ఆయన ఛాతీ చూడు మామ్మా. ఎగురుతోంది, లోపలికి గాలి పోవట్లేదు. పంతొమ్మిది. ఇరవై. ఏవండీ! ఏవండీ, లేవండి! లేవండి!"

"హా...! ఆఁ... ఏంటే? ఏమైంది? చంపుతావా నన్ను? ఇంట్లో పడుకోనివ్వవు, ఇక్కడా పడుకోనివ్వవు! మామ్మా, చూశావా దీని పిచ్చి? రాత్రికి పదిసార్లు ఇట్లాగే తట్టి లేపుతుంది. పగలంతా తూలుతున్నాను. మొన్న ట్రాక్టర్ తోలుతుంటే రెప్పపడింది."

"వెళ్ళి మొహం కడుక్కోరా త్రినాథా. గుడిసె దగ్గర బిందెలో నీళ్ళున్నాయి."

"ముందు దానికి చెప్పవేం?"

"వెళ్ళమన్నానా! జ్యోతీ, నువ్విట్లా రా. ఎన్నాళ్ళ నుంచి ఇది?"

"కోతలు మొదలైన దగ్గర్నుంచి. గురక ఆగగానే ఊపిరీ ఆగుతోంది మామ్మా. ఒకసారి ముప్పై దాకా లెక్కపెట్టాను. నేను నిద్రపోతే ఆయన్ని ఎవరు లేపుతారు?"

"ఆముదం నీ కాళ్ళకి రాయించాను. నీ కాళ్ళకి! నాతో ఒక్క మాట చెప్పలేదేం?"

"ఆయనే వద్దన్నారు. గురకకి కూడా భయపడతారా, నలుగురిలో నా పరువు తియ్యకు అన్నారు. వాళ్ళ తాతగారూ ఇంతే గురక పెట్టేవారట, నిద్రలోనే సుఖంగా పోయారట, ఎంత పుణ్యాత్ముడో అని ఊరంతా అనుకున్నారట. నువ్వే చెప్పావటగా, ఏ బాధా పడలేదని."

"చెప్పాను."

"మామ్మా? ఏంటలా అయిపోయావు?"

"ఒరేయ్ త్రినాథా! ఇట్లా రా! కాపలా లేదు, గీపలా లేదు. చొక్కా వేసుకో. ముగ్గురం ఇప్పుడే బస్సెక్కి గుంటూరులో పెద్ద డాక్టరు దగ్గరికి పోతున్నాం."

"కాయలు ఆరబోసి ఎట్లా పోతాం మామ్మా? అయినా గురకకి డాక్టరేంటి, నవ్విపోతారు."

"కాయలు సిలార్ చూస్తాడు. నవ్వేవాళ్ళని నవ్వనియ్యి."

"నాకేమైందని ఇంత హడావిడి?"

"ఒరేయ్, మీ తాత గురకని ఇరవై రెండేళ్ళు తిట్టుకున్నానురా. ఆ రాత్రి ఉన్నట్టుండి ఆగిపోయింది. నేను మెలకువగానే ఉన్నాను. పోనీలే, ఇప్పటికైనా ఆగింది అనుకుని, అటు తిరిగి హాయిగా పడుకున్నాను."